ఫోన్‌తో మూడు నిమిషాల సినిమా: షూటింగూ ఎడిటింగూ కలిపి నేర్చుకునే పద్ధతి

కాలేజీలో షార్ట్ ఫిల్మ్ తీద్దామని బయల్దేరే టీములది చాలావరకు ఒకటే వరస. కథ మీద వారాల తరబడి కూర్చుంటారు. షూటింగ్ హడావిడిగా కానిచ్చేస్తారు. తర్వాత ఎడిటింగ్ వచ్చిన ఫ్రెండ్ ఎవరో ఒకరికి హార్డ్ డిస్క్ అప్పగించి, "మామా, నువ్వే ఏదోలా సెట్ చెయ్యి" అంటారు. ఆ ఫ్రెండ్ తెల్లవార్లూ తంటాలుపడి దానికో రూపం తెస్తాడు. సినిమా తీయడం గురించి ఆ ప్రాజెక్టులో నిజంగా నేర్చుకున్నది అతనొక్కడే. ఏ షాట్ ఎందుకు అతకలేదో తెలియకుండానే మిగతావాళ్లు రెండో సినిమా మొదలుపెడతారు.

నేను చెప్పే పద్ధతిలో వరస మారుతుంది. ముందు సీనులో ఒక్క నిమిషం ముక్క మాత్రం తీయండి. టీమంతా ఒకే లాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని ఎడిట్ చేయండి. అప్పుడు అసలు షూటింగుకు వెళ్లండి. కెమెరా ఎక్కడ పెట్టాలో, షాట్ ఎంతసేపు నడపాలో ఎడిటింగ్ నేర్పినంత బాగా ఏ వీడియో పాఠమూ నేర్పదు.

కావాల్సినవి: ఒక మోస్తరు మంచి ఫోన్, ట్రైపాడ్, కాలర్ మైకు, లాప్‌టాప్, నలుగురైదుగురు మనుషులు. లాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి. 8 జీబీ ఉన్నా పని జరుగుతుంది, ఎలాగో ఎడిటింగ్ దగ్గర చెబుతాను.

కథను చేతికందేంత ఉంచుకోండి

మూడు నిమిషాలు, రెండు గదులు, ఇద్దరు నటులు. మొదటి సినిమాకు ఇంతకు మించి పెట్టుకోవద్దు. ఫైట్లు, ఛేజింగులు, ఫ్లాష్‌బ్యాకులు ఇప్పుడే వద్దు. అవి కష్టమని మాత్రమే అనడం లేదు. వాటి హడావిడిలో షాటుకూ షాటుకూ మధ్య ఏం జరుగుతోందో మీకు కనిపించదు.

ఉదాహరణకు ఈ కథ తీసుకుందాం. హాస్టల్లో ఉండే అమ్మాయి రాత్రిపూట ఇంటికి ఫోన్ చేస్తుంది. పరీక్ష ఫీజుకు డబ్బులు అడగాలి. అవతల అమ్మ మాట్లాడుతూనే కుట్టు మిషన్ తొక్కుతోంది. ఆ చప్పుడు ఫోన్లో వినిపిస్తూ ఉంటుంది. "ఇంకా పడుకోలేదేంటమ్మా?" అంటే, "పక్కింటి వాళ్ల జాకెట్లు, పొద్దున్నే ఇవ్వాలి" అంటుంది అమ్మ. అమ్మాయి అడగాలనుకున్నది అడగలేక ఇంకేదో మాట్లాడి పెట్టేస్తుంది. కథ అంతే. డబ్బు మాట పైకి ఎక్కడా రాదు, అయినా చూసేవాళ్లకు అర్థం కావాలి. ఆ అర్థమయ్యేలా చేసే పనిలోనే కెమెరా, శబ్దం, ఎడిటింగ్ మూడూ నేర్చుకుంటారు.

స్క్రిప్ట్ రాశాక ఒకరు డైలాగులు పైకి చదవండి, ఇంకొకరు స్టాప్‌వాచ్ పట్టండి. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అనే లెక్క హాలీవుడ్ వాళ్ల ఫాంటుకూ మార్జిన్లకూ కట్టింది. చేత్తో రాసిన తెలుగు పేజీకి అది పనికిరాదు. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డి గారు స్క్రిప్ట్ పూర్తిగా సిద్ధం కానిదే సెట్‌కు వెళ్లేవారు కాదని, ఏ సీను ఎంతసేపు ఉండాలో ముందే లెక్క వేసుకునేవారని తెలుగు సినిమావాళ్లు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. ఫిల్ము ఖరీదైన రోజుల్లో పుట్టిన అలవాటే అయినా, ఫోన్‌తో తీసే మనకూ అది అంతే అవసరం.

షాట్ డివిజన్

మన సీనును ఇలా విడగొట్టవచ్చు:

1. వైడ్: హాస్టల్ గది మొత్తం. మంచం మీద అమ్మాయి, చెవి దగ్గర ఫోన్.
2. మిడ్: నడుము పైనుంచి. సంభాషణ మొదటి నుంచి చివరి దాకా.
3. క్లోజప్: ముఖం. మళ్లీ మొత్తం సంభాషణ.
4. ఇన్సర్ట్ (చిన్న వివరాన్ని దగ్గరగా చూపే షాట్): ఒళ్లో ఫీజు నోటీసు, దాని అంచు మడతపెడుతున్న వేళ్లు.
5. వైడ్: అమ్మ ఇల్లు. ఒక్క బల్బు, కుట్టు మిషన్, పక్కన గుడ్డల కుప్ప.
6. అమ్మ క్లోజప్: ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.
7. ఇన్సర్ట్: మిషన్ తొక్కుతున్న పాదం, అది ఆగడం, మళ్లీ మొదలవడం.

2, 3, 6 షాట్లలో సంభాషణ మొత్తం నటింపజేయాలి. "ఈ లైను క్లోజప్‌లో, ఆ లైను మిడ్‌లో" అని ముక్కలుగా తీస్తే ఎడిటింగ్‌లో ఎటూ కదల్లేరు.

ఇక లుక్, అంటే నటులు ఎటు చూస్తున్నారన్నది. ఫోన్లో మాట్లాడుకునే ఇద్దరు ఒకే ఫ్రేములో ఉండరు కాబట్టి వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పని మనదే. అమ్మాయి ఫ్రేములో కుడివైపు చూస్తుంటే అమ్మ ఎడమవైపు చూడాలి. ఇద్దరూ ఒకే వైపు చూస్తే, వాళ్లు మూడో మనిషెవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు పాటించే 180 డిగ్రీల నియమం కూడా ఇదే: ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్క ఉంచాలి. ఇంకో మాట: ఒకే మనిషి మీద తీసే రెండు షాట్ల మధ్య కెమెరా కోణం కనీసం 30 డిగ్రీలైనా మారాలి, లేదా సైజు బాగా తేడాగా ఉండాలి. కెమెరా కొంచెమే జరిగితే కట్ చేసినచోట బొమ్మ ఎగిరిపడినట్టు కనిపిస్తుంది.

ఫోన్ కెమెరాను మన అదుపులోకి తెచ్చుకోవడం

ఫోన్లో ఉండే మామూలు కెమెరా యాప్ అన్నీ తనే నిర్ణయిస్తుంది. నటి తల తిప్పితే వెలుగు మారుస్తుంది, చేయి ఎత్తితే ఫోకస్ మారుస్తుంది. షార్ట్ ఫిల్ముకు అది పనికిరాదు. మీ ఫోన్లో ప్రో వీడియో మోడ్ ఉంటే అది వాడండి. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితం, ఐఫోన్‌కూ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకూ దొరుకుతుంది.

ఫ్రేమ్ రేటు (సెకనుకు తీసే బొమ్మల సంఖ్య) 25 పెట్టండి, షటర్ (ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం) 1/50 సెకను. కారణం మన కరెంటు. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది, ఫ్రేములో నల్లటి చారలు పాకుతాయి. షటర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా నిండు మినుకులే పడతాయి కాబట్టి చారలు రావు. మీ ఫోన్లో 25 లేకపోతే 30 పెట్టుకోండి, షటర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు ఏం చేసినా మినుకుతూనే ఉంటాయి. షూటింగుకు ముందే అర నిమిషం తీసి చూసి, అలాంటివి తీసేయండి.

వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులోనైనా తెలుపును తెల్లగా చూపే సెట్టింగు) ఆటోలో వదలొద్దు. పసుపు బల్బు కింద 3000 కెల్విన్ చుట్టుపక్కల, పగటి వెలుగులో 5600 దగ్గర లాక్ చేయండి. ఐఎస్ఓ (వెలుగును పెంచి చూపే సెట్టింగు, ఎక్కువైతే బొమ్మలో చుక్కలు వస్తాయి) వీలైనంత తక్కువ. ఫోకస్ కంటి మీద లాక్. డిజిటల్ జూమ్ వాడకుండా మెయిన్ లెన్సుతోనే మీరు దగ్గరికి వెళ్లండి. బ్యూటీ ఫిల్టర్, హెచ్‌డీఆర్ ఆపేయండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి టేకు మధ్యలోనే ఎవరో ఫోన్ చేస్తారు. లెన్సు తుడవండి. జేబులో తిరిగిన ఫోను లెన్సు మీద వేలిముద్ర ఉండి తీరుతుంది, బల్బు చుట్టూ పొగమంచులా కనిపించేది అదే.

రిజల్యూషన్ 1080పి సరిపోతుంది. 4కె తీస్తే ఎడిటింగ్‌లో కాస్త క్రాప్ చేసుకోవచ్చు, కానీ ఫైళ్లు రెండు మూడు రెట్లు పెరుగుతాయి. హెచ్.264 (వీడియోను కుదించి దాచే పద్ధతి)లో 1080పి నిమిషానికి సుమారు 130 ఎంబీ, 4కె సుమారు 350 ఎంబీ అనుకుని ఫోన్లో ఖాళీ చూసుకోండి.

పగటిపూట బయట తీస్తే ఇంకో చిక్కు. చాలా ఫోన్లలో అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, మారదు. అందుకని ఎండ పెరిగితే షటరు 1/1000 దాటి పరుగెత్తుతుంది, కదలికలు కుదుపుగా కనిపిస్తాయి. దానికి మందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్సు ముందు పెట్టి వెలుగును తగ్గించే నల్ల అద్దం. అది లేకపోతే పొద్దున్నే, సాయంత్రం, లేదా నీడపట్టున తీయండి.

వెలుగు

ఒక్క కిటికీ చాలు. ట్యూబులైటు ఆపేసి, మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, నీడ పడే వైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టండి. పెద్ద సినిమా సెట్లలో కూడా వెలుగును మళ్లించడానికి థర్మాకోలే వాడతారు. ఎండ సూటిగా పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. రాత్రి సీనుకు ఒకే రంగు బల్బులు వాడండి. పసుపు బల్బూ తెల్ల ట్యూబూ కలిస్తే ముఖంలో సగం నారింజ, సగం నీలం, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. చీకటిగా ఉంది కదా అని ఐఎస్ఓ పెంచకండి, బల్బును మనిషికి దగ్గరగా జరపండి.

శబ్దం: ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. మన కథలోనైతే సగం కథ శబ్దంలోనే ఉంది.

కాలర్ మైకును గడ్డానికి జానెడు కిందుగా పెట్టండి. బట్ట గురించి ముందే ఆలోచించాలి. పట్టుచీర, గంజి పెట్టిన కాటన్ చొక్కా కదిలినప్పుడల్లా గరగరమంటాయి, ఆ చప్పుడు మాట మీద పడితే విడదీయలేం. మెత్తటి నూలు బట్ట మంచిది. ఫ్యాను, ఫ్రిజ్, కూలర్ ఆపేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బైకు తాళాలు అందులో పెట్టుకుంటే వెళ్లేముందు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని కాసేపు వినండి: నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారు, గుళ్లో మైకు ఎప్పుడు మొదలవుతుంది, బస్సులు ఎంతసేపటికోసారి పోతాయి. షెడ్యూలు దాన్నిబట్టి వేయండి.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచండి. మాట గట్టిగా పలికినచోట లెవెల్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడాలి. సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది, ఆ ముక్క ఇక పనికిరాదు. ఆడియో వేరే ఫోన్లో రికార్డ్ చేస్తుంటే ప్రతి టేకు మొదట్లో కెమెరాకు కనిపించేలా చప్పట్లు కొట్టండి, తర్వాత రెండూ కలపడానికి అదే గుర్తు.

ప్రతి గదిలోనూ షూటింగ్ అయ్యాక అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం ఉత్త గదిని రికార్డ్ చేయండి. దీన్ని రూమ్ టోన్ అంటారు. డైలాగుల మధ్య అతుకులు కప్పేది ఇదే. అలాగే కుట్టు మిషన్ చప్పుడు విడిగా తీసుకోండి: నెమ్మదిగా తొక్కుతున్నది, వేగంగా తొక్కుతున్నది, ఆగుతున్నది.

అమ్మాయి షాట్లు తీసేటప్పుడు అమ్మ పాత్ర చేసేవాళ్లు పక్క గదిలో ఉండి నిజంగా ఫోన్లో మాట్లాడాలి. ఎదుటి గొంతు వింటూ నటించడానికీ, ఉత్త ఫోన్ పట్టుకుని నటించడానికీ ముఖంలో చాలా తేడా ఉంటుంది. అమ్మ మాటలు ఆ గదిలోనే మంచి మైకుతో శుభ్రంగా రికార్డ్ చేసుకోండి. ఫోన్లోంచి వస్తున్నట్టు చేయడం తర్వాత సులువు: ఈక్వలైజర్‌లో (శబ్దంలో బొంగురు, సన్న భాగాలను విడిగా పెంచి తగ్గించే సాధనం) 300 హెర్ట్జ్ కిందా 3400 హెర్ట్జ్ పైనా కోసేస్తే అచ్చం ఫోన్ గొంతే.

"తర్వాత డబ్బింగ్ చెప్పుకుందాంలే" అనే మాట మీ సెట్లో వినిపించనివ్వకండి. పెదాలకు మాట కుదర్చడం ఒక ప్రత్యేక విద్య. మన పరిశ్రమలో దానికంటూ ఆరితేరిన కళాకారులున్నారు. మొదటి సినిమాకు లైవ్ సౌండే మేలు.

ముందు ఒక్క నిమిషం తీసి ఎడిట్ చేయండి

ఇప్పుడు ఆ సీనులో ఒక్క నిమిషం సంభాషణ మాత్రం తీయండి. నటులు దొరక్కపోతే టీములో వాళ్లనే కూర్చోబెట్టండి. ఆ రోజే లాప్‌టాప్‌లో అతికించి చూడండి. చాలా బయటపడతాయి. షాట్ మొదలవగానే డైలాగ్ వచ్చేసింది, ముందు కోసుకోవడానికి జాగా లేదు. వైడ్‌లో ఫోను కుడిచేతిలో ఉంది, క్లోజప్‌లో ఎడమచేతిలోకి వచ్చింది. ఇన్సర్ట్ రెండు సెకన్లే ఉంది, నాలుగు కావాలి. వీటిలో ప్రతిదీ అసలు షూటింగుకు ఒక నియమంగా రాసుకోండి: "యాక్షన్" చెప్పడానికి ముందు అయిదు సెకన్లు, "కట్" చెప్పడానికి ముందు అయిదు సెకన్లు కెమెరా నడుస్తూనే ఉండాలి. ఫోను ఎప్పుడూ కుడిచేతిలోనే. ఇన్సర్టులు పది సెకన్లకు తగ్గకూడదు. టీమంతా కలిసి కనిపెట్టిన నియమాలు కాబట్టి సెట్లో ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

షూటింగ్ రోజు

డైరెక్షన్, కెమెరా, సౌండ్, కంటిన్యుటీ (షాటుకూ షాటుకూ మధ్య బట్టలు, వస్తువులు, కదలికలు మారకుండా చూడటం) ఒక్కొక్కరికి. కంటిన్యుటీ చూసేవాళ్లు ప్రతి టేకునూ కాగితం మీద రాయాలి: సీను, షాటు, టేకు, ఓకేనా ఎన్‌జీనా (పనికిరానిదా), ఎందుకు. ముందు వైడ్, తర్వాత దగ్గరి షాట్లు. కాలేజీ, హాస్టల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. రైల్వే ప్లాట్‌ఫామ్, మెట్రో లాంటి చోట్ల అనుమతి లేకుండా ట్రైపాడ్ దించకండి. అందరికీ వేళకు భోజనం పెట్టండి.

సాయంత్రం ఫైళ్లను కేబుల్‌తోనే కాపీ చేయండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పోతుంది. రెండు వేర్వేరు డ్రైవుల్లో కాపీలు పడి, రెండిట్లోనూ ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూశాకే ఫోన్లోంచి తీసేయండి.

ఎడిటింగ్

డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి కావాల్సినదానికంటే ఎక్కువే ఇస్తుంది. లాప్‌టాప్ దానికి చాలకపోతే కెడెన్‌లైవ్, షాట్‌కట్ తేలికైనవి, అవీ ఉచితమే.

క్లిప్పులు తెచ్చుకునే ముందే ప్రాజెక్టు సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటు 25 పెట్టండి (30లో తీసి ఉంటే 30). రిజాల్వ్‌లో తర్వాత మార్చడం కుదరదు. ఫోన్ల మామూలు యాప్‌తో తీసిన వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, దాంతో మాటా పెదవీ మెల్లగా విడిపోతాయి. అలాంటి ఫైళ్లను ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (నిలకడైన) ఫ్రేమ్ రేట్‌కు మార్చుకోండి. లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తుంటే ప్రాక్సీలు తయారు చేయించండి. అంటే అవే క్లిప్పులకు తేలికపాటి నకళ్లు. ఎడిటింగ్ నకళ్ల మీద, చివరి అవుట్‌పుట్ అసలు ఫైళ్ల నుంచి. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌ను నడిపించే ఉపాయం ఇదే.

ముందు కీబోర్డు నేర్చుకోండి. జె వెనక్కి, కె ఆపడానికి, ఎల్ ముందుకి. ఐ నొక్కితే ముక్క మొదలు, ఓ నొక్కితే చివర. ఈ అయిదు అక్షరాలు చేతికి అలవాటైతే ఆలోచన ఆగదు.

మొదట కంటిన్యుటీ షీటు చూసి ఓకే టేకులను వరసగా పేర్చండి. అది అయిదారు నిమిషాలు వస్తుంది, సాగుతున్నట్టు ఉంటుంది. కంగారు పడొద్దు. తర్వాత ప్రతి కట్ దగ్గరా ఒకటే ప్రశ్న: ఇప్పుడు చూసేవాళ్లకు ఎవరి ముఖం కావాలి? మాట్లాడేవాళ్ల ముఖమే చూపించాలని ఏమీ లేదు. చాలాసార్లు వినేవాళ్ల ముఖంలోనే కథ ఉంటుంది.

మన సీనులో కీలకమైన చోటు చూద్దాం. అమ్మాయి క్లోజప్. "అమ్మా..." అని ఆగుతుంది. అప్పటిదాకా వెనక సన్నగా వినిపిస్తున్న మిషన్ చప్పుడు ఆగిపోతుంది. అమ్మాయి ముఖం మీదే రెండు సెకన్లు ఉండండి. అమ్మ కూడా ఆగి వింటోందని మనకు శబ్దం వల్లే తెలిసింది. అప్పుడు కట్ చేసి ఆగి ఉన్న పాదం ఇన్సర్ట్. తర్వాత అమ్మ క్లోజప్: "చెప్పు తల్లీ." అమ్మాయి గొంతు, "ఏం లేదు, తిన్నావా అని," అమ్మ ముఖం మీదే వినిపించాలి. మిషన్ మళ్లీ మొదలైన చప్పుడు వినపడ్డాక, చివరగా నోటీసు కాగితం.

తర్వాతి షాట్ శబ్దం ముందే వస్తే దాన్ని జె కట్ అంటారు, ముందు షాట్ శబ్దం తర్వాతి బొమ్మ మీదికి సాగితే ఎల్ కట్. మాటా బొమ్మా ఒకేచోట కోస్తూ పోతే సీను టకటకా మారుతుంది. ఈ రెండు కట్లతో అతుకులు కనపడకుండా పోతాయి. ఇక ఆ నోటీసు కాగితం. అదే కాగితాన్ని సీను మొదట్లో పెడితే సస్పెన్స్, చివర్లో పెడితే బాధ. ఒకే ముఖాన్ని వేర్వేరు బొమ్మల పక్కన పెడితే చూసేవాళ్లకు వేర్వేరు భావాలు తోస్తాయని వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు చేసి చూపించింది ఇదే. రెండు రకాలుగానూ కట్ చేసి టీమంతా చూడండి. ఒక పూట ఖర్చు పెట్టదగ్గ అభ్యాసం.

ఫేడ్లు, తిరిగే ట్రాన్సిషన్లు వద్దు. మామూలు కట్‌తో పని జరగనిచోట సమస్య షాటులో ఉంటుంది.

సంగీతం చివరనే. సంగీతం లేకుండానే సీను నిలబడిందని అనిపించాక, అవసరమైతే పెట్టండి. పాత పాటే కదా అని వాడేయకండి. మన చట్టం ప్రకారం రచన, బాణీ మీద హక్కు ఆ కర్త చనిపోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు, అది వేరే లెక్క. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది. అంతకంటే మంచిది, కాలేజీలో వయొలినో వేణువో వాయించేవాళ్లను అడిగి కొత్తగా వాయింపజేసి, వాడుకునేందుకు ఒప్పుకున్నట్టు ఒక కాగితం రాయించుకోండి.

కలర్, టైటిల్స్, అవుట్‌పుట్

కలర్ అంటే ముందు షాట్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలపడం. వెలుగు, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, పక్కపక్క షాట్లలో చర్మం రంగు ఒకేలా ఉందో లేదో చూడండి. మొదటి సినిమాకు అంత చాలు. నటుల చర్మాన్ని తెల్లగా చేయకండి, వాళ్ల రంగు వాళ్లదే.

తెలుగు టైటిల్స్ దగ్గర జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒత్తులు విరగ్గొడతాయి. "స్త్రీ", "రాష్ట్రం" అని టైపు చేసి చూడండి. అక్షరాలు చెదిరితే టైటిలును ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. ఫాంటు యూనికోడ్‌దే వాడండి: రామభద్ర, మండలి, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. సబ్‌టైటిల్స్ ఎస్‌ఆర్‌టీ ఫైలుగా చేసి యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. ఒకసారికి రెండు లైన్లు మించొద్దు. పేర్ల పట్టికలో ఇల్లు ఇచ్చినవాళ్లను, మిషన్ ఇచ్చినవాళ్లను మర్చిపోకండి.

అవుట్‌పుట్ హెచ్.264, 1080పి, 25 ఫ్రేములు (30లో తీసి ఉంటే 30), ఆడియో ఏఏసీ. 1080పి వీడియోకు యూట్యూబ్ సూచించే బిట్ రేటు (సెకను వీడియోకు వాడే డేటా) 8 ఎంబీపీఎస్. కాలేజీ ఆడిటోరియంలో వేయడానికి 20 దాకా పెట్టి ఇంకో కాపీ తీసుకోండి. అక్కడి స్పీకర్లలో ముందురోజే వేసి వినండి. లాప్‌టాప్‌లో మెత్తగా వినిపించిన మిషన్ చప్పుడు పెద్ద స్పీకర్లలో మాటను మింగేయవచ్చు.

విడుదలకు ముందు, కథ తెలియని నలుగురైదుగురికి చూపించండి. మీరు తెరను చూడొద్దు, వాళ్లను చూడండి. ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్ వైపు చూశారో ఆ టైమ్ రాసుకోండి. సినిమా అయ్యాక "బాగుందా?" అని అడగకండి, "ఆ అమ్మాయి ఎందుకు ఫోన్ చేసింది?" అని అడగండి. డబ్బుల కోసమని వాళ్లకు తట్టకపోతే టైమ్‌లైన్‌కు తిరిగి వెళ్లి నోటీసు కాగితాన్ని ఇంకో సెకను ఉంచి, మళ్లీ కొత్తవాళ్లకు చూపించండి. తర్వాతి సినిమాకు పనులు మార్చుకోండి: ఎడిట్ చేసినవాళ్లు కెమెరా పట్టాలి, కెమెరా పట్టినవాళ్లు సౌండ్ చూడాలి, డైరెక్టర్ కంటిన్యుటీ షీటు రాయాలి.